గాలయ్య పాతిన కంప

ఎండాకాలం మోత్కూర్ చెరువులో ఒక్క మడుగే మిగులుతుంది. గాలయ్య రోజూ అందులో మునిగి, తల్లిచేపలు ఉన్నాయో లేదో బురదలో చేతులతో తడిమి చూస్తాడు. ఎవరూ చెప్పని పని, ఎవరూ కూలివ్వని పని. అవి పోతే వచ్చే ఏడు చెరువులో చేపపిల్ల ఉండదని, వానలదాకా వల వేయొద్దని ఊరంతా మొత్తుకున్నాడు. ఎవరూ వినకపోతే విసిగి, మడుగు అడుగున తుమ్మకంప పాతాడు. మొన్న సొంత తమ్ముడు ఎల్లస్వామి వేసిన వలే ఆ కంపకు చిక్కింది. అంత లోతుకు మునగగలిగినవాడు మళ్లీ గాలయ్యే.

“అన్నా, జర నువ్వే దిగాలె. కొత్త నైలాన్ వల!”

“వానలదాక ఆగుడు చాతగాదారా నీ నోటికి?” అని తిడుతూనే మునిగాడు. వీపంతా గీరుకుపోయి, వలతో పైకొచ్చాడు.

“కంప గూడ తీసినవా?”

“వల తీసిన,” అన్నాడు గాలయ్య, ఒంటికాలిమీద గెంతి చెవిలో నీళ్లు దులుపుకుంటూ. “కదిలిన కంపను మళ్ల గట్టిగ పాతిన.”