టెంకాయ చిప్ప ఎక్కిన మిట్ట

నా చిన్నప్పుడు, ఉగాది వెళ్లాక వచ్చిన మొదటి శుక్రవారం, ఎండ ఇంకా ముదరని పొద్దు. చోటు, రాయచెర్లు దగ్గర ఎద్దులతో నీళ్లు తోడే మా కపిల బావి గట్టు. అక్కడ ఉన్నవాళ్లు: మా తాతయ్య, మా చిన్నాన్న, ఊరి నీరుగంటాయన, మేం నీరుగంటక్క అనే ఆయన భార్య, చెరువు కింద మడులున్న రైతులు పదిమంది దాకా, మూడో తరగతి చదివే నేను. ఏ రోజు గురించి రాసినా ముందు ఇవి రాసుకోవడం నాకు అలవాటు. ఉద్యోగం చేసినన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా డైరీ రాయని రోజు లేదు. ఈ ఒక్క రోజు మాత్రం ఎక్కడా రాయలేదు.

మొన్న మా మనవరాలు ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఏదో చల్లని దేశంలో ఒక ముసలి జంట వేసవిలో చిన్న పడవ వేసుకుని కాలవల వెంట, సరస్సుల మీదుగా పోతున్నారు. ఒకచోట పడవ రెండు తలుపుల మధ్య ఆగింది. వెనక తలుపు మూశారు, నీళ్లు నిండాయి, పడవ మనిషెత్తు లేచింది. "చూడవ్వా, పడవ లిఫ్టెక్కింది!" అని పిల్ల నవ్వింది. నేను ఫోన్ ఇచ్చేసి మిద్దె మీదికి పోయాను. అక్కణ్ణుంచి చూస్తే మా పాత పొలాల మీద పరిచిన సోలార్ ప్యానెళ్లు ఎండలో నీళ్లలాగే మెరుస్తాయి. మా బావి వాటి కిందే ఎక్కడో పూడిపోయి ఉంది.

నీరుగంటి అంటే చెరువు తూము తీసి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చెప్పే మనిషి. తూము కర్ర ఆయన దగ్గరే ఉంటుంది, అది ఎవరి చేతిలో ఉంటే ఆ పని వాళ్లదే. కోతలప్పుడు ప్రతి మడివాళ్లూ ఇచ్చే రెండు మోపులే ఆ ఆలుమగల తిండి. అంతకు ముందు ఏడు మా తాతయ్య తన వంతు కాని రోజున నీళ్లు అడిగాడు. "వంతు వంతే కదా సామీ" అని ఆయన తూము తీయలేదు. మా తాతయ్య దాన్ని మరిచిపోలేదు.

ఆ ఏడు చెరువు తొందరగా ఎండిపోయింది. ఆలుమగలిద్దరూ ఒక మేస్త్రి వెంట బెజవాడ దిక్కు కూలికి పోయి, ఉగాదికి తిరిగి వచ్చారు. అక్కడ గడ్డి పడవలో ఏలూరు కాలవ మీద పోయారట. గట్టు మీద మనుషులు తాడు పట్టి పడవను లాగేవారట. కాలవకు అడ్డంగా తలుపులుండే లాకులు వచ్చినచోటల్లా పడవ నీళ్లతోపాటు కిందికి దిగేదట. ఆ తర్వాత కొల్లేరు, ఒడ్డు కనబడనన్ని నీళ్లు. నీరుగంటక్క అందులో చెయ్యి పెట్టి పొద్దు వాలేదాకా తీయలేదట. పెళ్లయిన ఇన్నేళ్లలో తామిద్దరూ పని లేకుండా పక్కపక్కన కూర్చున్నది ఆ పడవలోనేనని ఆమె మా అమ్మతో చెబుతుంటే విన్నాను. తిరిగి వచ్చేటప్పుడు అవే లాకుల్లో పడవ పైకి ఎక్కిందట.

దిగిందంటే ఊరంతా నమ్మింది. ఎక్కిందనేసరికి నవ్వింది. మాకు తెలిసిన నీళ్లు మిట్ట నుంచి పల్లానికి పోయేవే. పైకి రావాలంటే ఎద్దులు కపిల లాగాలి.

"ఎన్ని జతల ఎద్దులు కట్టినార్రా పడవకు?" అన్నాడు మా చిన్నాన్న.

"ఎద్దుల్లేవు చిన్నసామీ. నీళ్లే ఎత్తినాయి."

"నీళ్లే ఎత్తినాయంటప్పా! ఇంగ మన ఎద్దుల్ని సంతకు తోలేద్దాం."

పిల్లలం వాళ్లింటి ముందు చేరి "పడవెక్కె, మిట్టెక్కె" అని అరిచేవాళ్లం. అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

మా తాతయ్య మాత్రం నవ్వలేదు. "అబద్ధమాడే నోరు వంతు చెప్తే ఎవురు నమ్మాల? మా బావి కాలవలో చేసి సూపీ. ఎక్కితే కర్ర నీదే. ల్యాకుంటే ఆడనే పెట్టి పో" అన్నాడు. నీరుగంటాయన సంతోషంగా ఒప్పుకున్నాడు.

ఆ శుక్రవారం తాతయ్య నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని పని అప్పజెప్పాడు. తాను తువ్వాలు భుజం మార్చగానే నేను కింది పలక అడుగున కాలి బొటనవేలితో మట్టి పొడవాలి. ఊళ్లో ఇంతమంది ఉండగా నన్నే ఎంచుకున్నాడని పొంగిపోయాను.

నీరుగంటాయన కాలవలో రెండు మట్టికట్టలు వేసి, ఒక్కో కట్ట మధ్యన తలుపుల్లాగా నా బడి పలకనూ మా చిన్నాన్న కూతురి పలకనూ నిలబెట్టాడు. టెంకాయ చిప్పలో రెండు శనక్కాయ పప్పులు పెట్టి, దాన్ని పలకల నడుమ వదిలి, "ఇది నేను, ఇది మాయింటిది" అన్నాడు.

"బరువు ఏదిరా?" అన్నాడొక రైతు.

"నోరుండేదే బరువప్పా" అన్నాడు. నీరుగంటక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కపిల నీళ్లు వచ్చాయి. ఆయన కింది పలక గట్టిగా నొక్కి, పై పలక కొంచెం ఎత్తాడు. చిప్ప కదిలింది. రెండు వేళ్లు లేచింది, నాలుగు వేళ్లు లేచింది. రైతులు నవ్వడం ఆపి వంగి చూశారు. తాతయ్య తువ్వాలు భుజం మార్చాడు.

నేను పొడిచాను. బురద జారింది, పలక పక్కకు వాలింది, చిప్ప బోర్లా పడి కిందికి కొట్టుకుపోయింది. జనం మళ్లీ నవ్వారు. ఆయన మోకాళ్ల మీద కూలబడి కట్టను రెండు చేతులా అదుముతూ, "ఎక్కినాం సామీ, ఇద్దరమూ ఎక్కినాం. నువ్వన్నా చెప్పే" అని భార్య వైపు తిరిగాడు. ఆమె ఆయన్ను చూడటం లేదు. నా కాలిని చూస్తోంది.

తాతయ్య చెయ్యి చాచాడు. ఆయన తూము కర్ర ఇచ్చేశాడు. తాతయ్య దాన్ని అక్కడే మా చిన్నాన్నకు అందించి, ఇంటికి వచ్చాక నా చేతిలో బెల్లం గడ్డ పెట్టాడు.

మరునాడు పొద్దున్నే పలక కోసం బావి దగ్గరికి పోయాను. నీరుగంటక్క ఒక్కతే ఉంది. కట్టలు కొత్తగా వేసి, పలకలు నిలబెట్టి, నడుమ టెంకాయ చిప్ప ఉంచి, పక్కన బిందెలతో నీళ్లు పెట్టుకుంది. నన్ను చూసి పలకల నడుమ నీళ్లు పోసింది. చిప్ప నిమ్మళంగా లేచి, పై కాలవ అంచు అందుకుంది. ఆమె పై పలక తీసి వేలితో తోస్తే అవతలికి వెళ్లిపోయింది.

"ఎక్కిందా, ల్యా?"

"ఎక్కింది."

పాత కట్ట ముక్కను ఆమె కదపలేదు. ఎండిన బురదలో నా బొటనవేలి గుర్తు అట్లాగే ఉంది.

"మాయన ఇది సూళ్యా. తన చేతుల్లోనే తప్పుందనుకుంటుండాడు. అన్నం ముట్టలా. మనం నిజంగా ఎక్కినామా అని నన్నే అడుగుతాండాడు" అంది. "మీ తాతకు చెప్పొద్దులే తల్లీ. కర్ర యాడికైనా పోనీ. మాయనకు చెప్పు. ఈడ సూసినానని ఒక్క మాట."

చెబుతానని తలూపాను. నోటితో చెప్పలేనేమోనని భయమేసి, దోవలో కూర్చుని తడి పలక మీద "పడవ ఎక్కింది" అని రాసుకున్నాను. చూసి చదివేద్దామనుకున్నాను. వాళ్లింటికి పోవాలంటే మా ఇంటి ముందు నుంచే పోవాలి. అరుగు మీద తాతయ్య కూర్చుని ఉన్నాడు. చిన్నాన్న తూము కర్రకు నూనె పట్టిస్తున్నాడు. నేను పావడాతో పలక తుడిచేశాను.

"పలక దొరికిందా?" అన్నాడు తాతయ్య.

"దొరికింది" అని లోపలికి పోయాను.

ఈ పొద్దు వరకూ నా డైరీల్లో ఎక్కడా పలక మీద తుడిచేసిన ఆ రెండు మాటలు లేవు. నీరుగంటాయనకు చెప్పనిదాన్ని కాగితానికి చెప్పడానికి నాకు చెయ్యి రాలేదు.