గేటు దగ్గరి బెల్లు

ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకోవడం నా ఉద్యోగం. ఇవాళ నేనే ప్రమాణం చేస్తున్నాను... బైబిలు మీద చెయ్యి పెట్టి. ఇది జరిగింది. నవ్వేవాళ్ళు ముందే నవ్వేయండి.

అప్పట్లో లోకాయుక్త ఆఫీసు తరఫున ఫిర్యాదులు విచారించేవాణ్ణి. కృత్తివెన్ను అవతల ఒక సర్కారు ఆసుపత్రి... ఊరి పేరు చెప్పను. చేపల వేటకెళ్ళే పోలయ్య ఫిర్యాదు పెట్టాడు. నొప్పులు పడుతున్న కూతుర్ని రాత్రివేళ తీసుకొచ్చాడట. బెల్లు ఎంత నొక్కినా ఎవరూ గేటు తియ్యలేదట. ఆ గేటు దగ్గరే కూతురి ప్రాణం పోయింది.

డ్యూటీ నర్సు సుగుణ గారిది ఒకటే మాట. "బెల్లు మోగలేదండీ. వైరు ఎప్పుడో తెగిపోయింది. మోగితే లేవనా అండీ?"

చూశాను. నిజమే, బయట బటన్ కింద వైరు తెగి వేలాడుతోంది. ఇక ఆవిడ తప్పేం లేదని రాసి ఫిర్యాదు మూసెయ్యాలి. కానీ నాది అనుమానపు బుద్ధి. కూరలో ఉప్పు వేశానని మా ఆవిడ చెప్పినా రుచి చూసి గానీ నమ్మను. రాత్రిపూట గేటు దగ్గర పిలిస్తే లోపలికి వినిపిస్తుందో లేదో తేల్చుకుందామని ఉండిపోయాను. వరండాలో బల్ల మీద నేను, లోపలి గదిలో సుగుణ గారు.

కరెంటు పోయింది. రొయ్యల చెరువుల మోటార్లు కూడా ఆగిపోయాయి. దోమల రొద తప్ప ఏమీ లేదు.

అప్పుడు... ట్ర్...

ఆగింది.

ట్ర్ర్ర్ర్...

సరిగ్గా నా తల పైన, గోడకున్న బెల్లు!

దిగ్గున లేచాను. ఎవడో వేషాలేస్తున్నాడనుకున్నాను. పోలయ్యే అనుకున్నాను. గేటు దాకా పరిగెత్తి ఊచల్లోంచి టార్చి వేశాను. మనిషి లేడు. తెగిన వైరు అలాగే ఉంది... గాలికి ఊగుతోంది. వెనక బెల్లు మోగుతూనే ఉంది. నీరసంగా... నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కినట్టు.

తిరిగొచ్చేసరికి సుగుణ గారు గుమ్మంలో కూలబడి, చెవులు మూసుకుని ఉన్నారు.

"ఆ రాత్రీ ఇలాగే మోగిందండీ... ఒక్కదాన్నే ఉన్నాను. తాగుబోతులేమోనని భయమేసి వెళ్ళలేదండీ. తెల్లారాక నేనే వైరు కోసేశాను."

బెల్లు ఆగిపోయింది.

ఆ మాటలే వాంగ్మూలంగా రాసి సంతకం తీసుకున్నాను. పోలయ్య ఫిర్యాదు నిలబడింది. తర్వాత అతను నన్ను కలవడానికి బందరు వచ్చినప్పుడు జరిగిందంతా చెప్పి నిలదీశాను. "నిజం చెప్పవయ్యా, బ్యాటరీ ఏమన్నా తగిలించావా?"

"మీరక్కడున్న రాత్రి నేను సముద్రం మీదున్నానండీ. పడవలో వాళ్ళని అడగండి."

అడిగాను. అందరూ అదే చెప్పారు. అయినా ఇప్పటికీ నా అనుమానం తీరలేదు... మరి ఇంకెవరు?

పోలయ్య ఆ రోజు వెళ్ళబోతూ ఆగి అడిగాడు.

"ఈసారన్నా గేటు తీశారాండీ?"

నేను తల దించుకున్నాను. ఎవరమూ తియ్యలేదు.