సగం దండం

ఆ రోజుల్లో ఒక్క తల తిరగడం వల్ల నేను పోగొట్టుకున్నవన్నీ ఒకచోట చేర్చి చూస్తే లెక్క ఇలా తేలుతుంది: ఎడమకాలి చెప్పు ఒకటి, టీ మరకతో పనికిరాకుండా పోయిన తెల్లచొక్కా ఒకటి, మూడు నెలల పెరుగన్నం, రెండు నెలల వంకాయకూర, ఇరవై ఆరేళ్ళుగా చుక్క ముట్టలేదన్న మంచిపేరు. చివరిది ఒక్క నిమిషంలో పోయింది. పెరుగూ వంకాయా ఎలా పోయాయో ముందు చెబితేగాని మిగతావి అర్థం కావు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్ళు. టేకులపల్లి అవతల, అడవి అంచున, బీడీలు చుట్టే తునికాకు కల్లంలో నేను లెక్క చూసేవాణ్ణి. చుట్టుపక్కల గూడేల వాళ్ళు ఆకు కోసి, కట్టలు కట్టి తెచ్చి నేలమీద వరుసలుగా పేరుస్తారు. నడుం వంచి, ఆ వరుసల వెంట లెక్కపెట్టుకుంటూ పోవడం నా పని. చదువు పదో తరగతితో ఆగినా, లెక్క మాత్రం నాకు నేనే నేర్చుకున్నానని కాస్త గర్వం కూడా ఉండేది. ఒకరోజు వరుస చివరికి వచ్చి తలెత్తేసరికి కల్లం మొత్తం గిర్రున తిరిగింది. చెట్లు, కట్టలు, మనుషులు అన్నీ ఒకే వైపుకు పరుగు. పక్కనున్న టేకుచెట్టును వాటేసుకుని నిలబడ్డాను. నిమిషంలోపే సర్దుకుంది. ఆ తర్వాత అది రోజువారీ వ్యవహారమైపోయింది. "సారు మళ్ళ చెట్టును పట్టుకున్నడే!" అని ఆకు తెచ్చిన ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు నీరసమని గ్లూకోజు ఎక్కించాడు (కాలికి ముల్లు గుచ్చుకుని వెళ్ళినా ఆయన గ్లూకోజే ఎక్కిస్తాడు). నేను ఊరుకుంటానా? తల తిరిగిన రోజుల్లో ఏమేం తిన్నానో లెక్క తీశాను. ప్రతిసారీ పెరుగే కనిపించింది. మానేశాను. తగ్గకపోతే వంకాయ మీద అనుమానం వచ్చి అదీ మానేశాను. అసలు నేను పెరుగు తినని రోజే లేదన్న సంగతి అంత లెక్కలోనూ నాకు తట్టలేదు.

అలాంటి సమయంలో మా మేనమామ పెనుబల్లిలో ఒక సంబంధం తెచ్చాడు. తాతలనాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబం. అంతకుముందు నాకు మూడు సంబంధాలు తప్పిపోయాయి (ఒక ఇంట్లో పిల్లను చూడకుండా పైకప్పు వాసాలు లెక్కపెడుతూ కూర్చున్నానట). బస్సు దిగుతుంటేనే మేనమామ వేలు చూపించి మరీ చెప్పాడు: "ఇను అల్లుడా, ఈ పిల్ల గూడ తప్పితే ఇగ నాతోని కాదు. లెక్కలు పెట్టకు. కూసో, చాయ్ తాగు, పెద్దాయన కాళ్ళు మొక్కు, లేచి రా. గంతే."

టీ గ్లాసుల పళ్ళెంతో ఆ అమ్మాయి వచ్చింది. నా వంక ఒక్కసారి చూసి, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. ఆ ఇంటికి ఎన్ని వాసాలో నాకు ఈనాటికీ తెలియదు. ఈ పిల్ల తప్పిపోకూడదు అని మాత్రం గట్టిగా అనుకున్నాను. అంత గట్టిగా అనుకోవడం వల్లనే కాబోలు, వాళ్ళ నాన్నగారి కాళ్ళకు మామూలుకన్నా లోతుగా వంగాను.

అంతే. ఇల్లు తిరిగింది. తలెత్తబోయి పళ్ళేన్ని గుద్దాను, టీ నా మీద పడింది, నేను ఆయన పాదాల మీద పడ్డాను. వదిలితే ఎక్కడికి జారిపోతానోనని రెండు పాదాలూ గట్టిగా పట్టుకున్నాను. ఆయన మొదట నా భక్తికి కరిగిపోయారు. "లే బాబూ, లే! చాలు!" ఎంతకీ లేవకపోయేసరికి గొంతు మారింది. "ఏమయ్యా, మీవాడు పొద్దున్నే వేసుకొచ్చాడా?"

"అయ్యో, వాడు కల్లు గూడ ముట్టడండీ!" అన్నాడు మేనమామ.

"కల్లు ముట్టకపోతే ఇప్పసారా ముట్టుంటాడు. అడవిలో ఉండేవాడేగా!"

అప్పుడు ఆ అమ్మాయి పళ్ళెం కింద పెట్టి వంగి నా మొహంలోకి చూసింది. "నాన్నా, వాసనేం లేదు. ఆయన కళ్ళు చూడు, ఎట్లా అదురుతున్నాయో. మామ్మకి ఇట్లాగే అయ్యేది కదా!" అని, నేరుగా నన్నే అడిగింది: "ఏవండీ, రాత్రి మంచం మీద పక్కకి తిరిగినా ఇట్లాగే ఉంటుందా?"

"సిగ్గు లేదుటే! పెళ్ళిచూపుల్లో అడిగే మాటేనా అది?" అని వాళ్ళమ్మ నెత్తి కొట్టుకుంది. నేను మాత్రం నేలమీది నుంచే జవాబు చెప్పాను: "అవ్. కుడి పక్కకు తిరిగితెనే." ఆ మాట నా నోటివెంట వచ్చాకే వెలిగింది. ఏం తిన్నానో మూడు నెలలు లెక్కపెట్టాను గాని, తల ఎటు తిప్పానో ఒక్కరోజూ చూసుకోలేదు.

"సరే, మా అమ్మను చూసిన చెవి డాక్టరు ఖమ్మంలో ఉన్నాడు. తాగలేదని ఆయన చెప్పాలి, నేను వినాలి" అని పెద్దాయన మాతోపాటు బస్సెక్కారు. (చెప్పు పోయింది ఆ బస్సెక్కే తొక్కిసలాటలోనే.) "తల తిరిగితె చెవి డాక్టరేంది?" అని మేనమామ దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు.

డాక్టరు నన్ను బల్లమీద కూర్చోబెట్టి, తల కుడివైపుకు తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టారు. ఖమ్మం మొత్తం తిరిగింది. భయంతో పైకే అంకెలు లెక్కపెడుతూ, చేతికి దొరికింది పట్టుకున్నాను. అది పెద్దాయన చెయ్యి. ఆయన విడిపించుకోలేదు. ఇరవై రెండు దగ్గర గది ఆగింది. తర్వాత డాక్టరు నా తలను మెల్లగా ఎడమకు తిప్పి ఆపారు, ఆ వైపుకే ఒత్తిగిలించి చూపు నేలకు ఆనించి ఆపారు, చివరకు లేపి కూర్చోబెట్టారు. కాసేపాగి మళ్ళీ వెనక్కి పడుకోబెడితే ఈసారి గది కదల్లేదు.

లోపలి చెవిలో ఇసుకరేణువుల్లాంటివి ఉంటాయట. వాటిలో కొన్ని ఉన్నచోటు తప్పి పక్కనున్న గొట్టంలోకి జారితే, తల కదిపినప్పుడల్లా లేని తిరుగుడు ఉన్నట్టు మెదడుకు కబురు పోతుందట. నాకు వెంటనే అర్థమైంది: ఒక కల్లం కట్టలు ఇంకో కల్లంలో పడితే లెక్క తప్పదూ? తలను ఇలా వరసగా తిప్పితే అవి వచ్చిన దారినే వెనక్కి పోతాయట. "మళ్ళీ రావచ్చు, భయపడొద్దు. మంచం దిగేముందు కాసేపు కూర్చో. నిచ్చెనలు ఎక్కకు. వినికిడి తగ్గినా, మాట తడబడినా, కాలూ చెయ్యీ పట్టు తప్పినా అది వేరే జబ్బు, వెంటనే దవాఖానాకు రావాలి" అన్నారు.

"అయితే తాగలేదంటారు?" అని పెద్దాయన ఆఖరిసారి అడిగారు.

"తాగినవాడు ఒక్క అంకె తప్పకుండా లెక్కపెడతాడా అండీ!" అని డాక్టరు నవ్వారు. ఆ లెక్కే నాకు పిల్లనిప్పించింది.

తర్వాత ఒకటి రెండుసార్లు ఆ రేణువులు మళ్ళీ దారి తప్పాయి. ఎలా తిప్పాలో డాక్టరు దగ్గర నేర్చుకున్న మా ఆవిడ నా తలను రెండు చేతుల్లోకి తీసుకుని, "కదలకండి. ఆగిందా?" అని అడుగుతుంది. "ఇంకా లేదు" అంటాను (ఆగిపోయిన తర్వాత కూడా కొంచెంసేపు అలాగే అంటాను. ఆమెకు తెలుసనుకుంటాను).

మామగారు మాత్రం పెళ్ళిపీటల మీదనుంచి ఇప్పటిదాకా నన్ను వంగనివ్వలేదు. ఏ పండక్కి వెళ్ళినా భుజాలు పట్టి ఆపేస్తారు. "ఆ రోజు పెట్టిందే జన్మకి సరిపోద్ది అల్లుడూ" అంటారు. నా లెక్క వేరు. వంగడం సగం, లేవడం సగం. ఆ రోజు వంగింది నేనే గాని, నన్ను లేపింది వాళ్ళు. మొన్న వెళ్ళినప్పుడు ఆయన చేతికర్ర పక్కన పెట్టడం చూసి, ఇదే అదనని కాస్త వంగబోయాను. "ఊరుకోవయ్యా! ఇప్పుడు పడితే నిన్ను లేపే ఓపిక నాకేదీ?" అని ఎప్పట్లాగే భుజాలు పట్టి ఆపేశారు. నాకూ జుట్టు నెరిసింది. చెవి మాత్రం బుద్ధిగానే ఉంటోంది. బాకీ అలాగే ఉంది: సగం దండం.