దిబ్బ మీది గుమ్మం

1996. మచిలీపట్నంలో జూనియర్ ఇంజినీర్‌గా చేస్తున్నాను. దివిసీమలో సముద్రాన్ని ఆనుకున్న ఒక పల్లెలో తుఫాను షెల్టర్ కట్టాలి. దాని పై అంతస్తు ఎంత ఎత్తున ఉండాలో తేల్చే పని నాది.

ఈ లెక్క రిటర్న్ పీరియడ్ మీద నడుస్తుంది. అంటే ఫలానా ఎత్తు ఉప్పెన సగటున ఎన్నేళ్లకోసారి వస్తుందన్న అంచనా. మామూలు తుఫాన్లకు రికార్డులున్నాయి. డెబ్భై ఏడు ఉప్పెనకు మాత్రం ఆ పల్లెలో ఒక్కటే సాక్ష్యం, నాంచారమ్మ గారింటి గుమ్మం. నీళ్లు తీశాక మిగిలిన బురద చార మీద ఆవిడ భర్త ఉలితో గీత పెట్టారట. ఏటా ఆ రోజున ఆవిడ దానికి పసుపు రాస్తారు. లెవెల్ అనే పరికరంతో, ఆ గీత సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో కొలిచాను. ఏదో ఘనకార్యం చేసినట్టు మీసం కూడా దువ్వుకున్నాను.

స్థలంలో రాట పాతి, అంతస్తు వచ్చే చోట సున్నంతో గుర్తు పెట్టి ఊరివాళ్లకు చూపించాను. "వందేళ్లకోసారి వచ్చే ఉప్పెనైనా ఇంత ఎత్తు రాదండీ."

"అంటే ఇంకో వందేళ్లు రాదా బాబూ?" అని నాంచారమ్మ గారు అడిగారు.

"అలా కాదమ్మా. ప్రతి ఏడూ నూటికో వంతు అవకాశం ఉంటుంది. వచ్చే ఏడాదే రావచ్చు."

ఆవిడ రాట వైపు చూశారు. "ఇదెంత ఎత్తు?"

"మీ గుమ్మం మీది గీతకు రెండడుగులు పైన."

"అయ్యో, ఆ గుమ్మం దిబ్బ మీది పాతింటిది కదయ్యా! గోడలు పోయినా అది నిలబడింది. దాని పైచెక్క పట్టుకునే నేను బతికా. రెండో చేత్తో చంటిదాన్ని పట్టుకున్నా, ఆగలేదు. ఉప్పెన తర్వాత ఇక్కడ కాలనీ ఇల్లు కట్టుకున్నప్పుడు దాన్ని ఊడదీసి తెచ్చుకున్నాం."

దిబ్బ దగ్గరికి పరుగెత్తి కొలిచాను. కాలనీ కంటే నాలుగడుగులు ఎత్తు. అంటే అసలు నీళ్లు నేను కొలిచిన గీతకు నాలుగడుగులు పైన వచ్చాయి. నా అంతస్తు మీద మోకాటిలోతు నీళ్లు, దాని మీద కూర్చున్న పిల్లలకు పీకల దాకా. సిగ్గేసింది. ఇల్లు మారినా మనవాళ్లు పాత గుమ్మాన్ని వదలరని గుడివాడలో పుట్టిన నాకు తెలియనిదా! మా ఇంటి గుమ్మమూ అలా వచ్చిందే.

లెక్క మళ్లీ వేశాను. పైవాళ్లతో పోట్లాడి అంతస్తు పెంచాను. అప్పట్నుంచి ఏ గీతనైనా కొలిచే ముందు, అది మొదట ఎక్కడుండేదని ఇంటివాళ్లను అడుగుతాను.

షెల్టర్ పూర్తయ్యాక, నీళ్లు నిజంగా వచ్చిన ఎత్తును దాని స్తంభం మీద గీశాను. అది మా తలలకు బాగా పైన. నాంచారమ్మ గారు పసుపు గిన్నె నా చేతికిచ్చారు. "నాకందదు, నువ్వే రాయి బాబూ."

నిచ్చెనెక్కి రాస్తుంటే, కింద నుంచి చంటిదాని పేరు చెప్పారు. సీత. ఆ ఇంటికి అన్నిసార్లు వెళ్లి గీత ఎత్తు కొలిచానే గానీ, ఆ పేరు ఒక్కసారీ అడగలేదు.