మీటరు వెనక అంకె

గుడివాడలో బందరు బస్సెక్కాను. పక్క సీటతని ఒళ్ళో లాప్‌టాప్ సంచీ ఉంది. బందరులో కార్ల మీటరు బోర్డులు తెరుస్తానన్నాడు. అదేమిటని అడిగాను.

"చిన్న మోడలుకీ పెద్ద మోడలుకీ కంపెనీ ఒకటే బోర్డు వేస్తుందండీ. చిన్నదాంట్లో కొన్ని కనపడకుండా మూసేస్తారు. వైరు తగిలించి ప్రోగ్రాం మారిస్తే లీటరుకి ఎంత ఇస్తోందో, బయట ఎండెంతో అన్నీ కనపడతాయి. ఒక్కోసారి రాకూడనివీ వస్తాయనుకోండి."

"అంటే?"

"మొన్న ఘంటసాల ఊరి బళ్ళో మాస్టారొకాయన పాత నీలం కారు కొని తెచ్చారు. బోర్డు మీద నలభై వేల కిలోమీటర్లుంది. లోపల చూస్తే లక్షా పది వేలు. ఎవరో మీటరు వెనక్కి తిప్పేశారండీ అన్నాను. ఆయన నా మీదకి లేచారు. తనకి కారమ్మిన ఇంటివాళ్ళు అలాంటి పని చెయ్యరు, నువ్వే చెడగొట్టావన్నారు. మిషనుకి ఇంటిపేర్లు తెలీవు కదండీ! ఆ మాట పాకిపోయి ఇప్పుడు నా షెడ్డుకి ఎవరూ రావట్లేదు."

ఆ కారు మా నాన్నగారిది. మాస్టారికి అమ్మేముందు బెజవాడలో మీటరు వెనక్కి తిప్పించింది నేనే. ఆ మాట చెబితే అతని పని నిలబడేది. పొలాలు పోయాక మాకు మిగిలింది పేరొక్కటే. "మీరన్నదే నిజమయ్యుంటుంది" అని మాత్రం అన్నాను.

పెడన దాటాక అతను మామూలుగా అడిగాడు. "ఇంతకీ మీరెవరి తాలూకండీ?"

మా వైపు ఆ ప్రశ్నకు ఇంటిపేరుతోనే జవాబు చెబుతారు. నేనైతే అడక్కుండానే చెప్పేవాణ్ణి. ఆ రోజు మాత్రం, "మాది ఈ ప్రాంతం కాదు" అన్నాను.

"అందుకేనండీ, నా మాట నమ్మారు" అన్నాడతను.