జర, జరం

మా పై వాటాలో కిరాయికున్న అమెరికా అబ్బాయి మోర్మన్ అనే క్రైస్తవ శాఖ మతం ప్రచారం చేయడానికి శంషాబాద్ వచ్చాడు. పంతొమ్మిదేళ్లు. ఇక్కడ ‘జర’ అంటే కొంచెం, ‘జరం’ అంటే జ్వరం. ఎన్నిసార్లు చెప్పినా రెండూ కలిపేసేవాడు.

“అక్కా, జరం నీళ్లియ్యి.”

నవ్వుకుంటూ ఇచ్చేదాన్ని.

ఒక సోమవారం, అతనితో పాటు పైన ఉండే తోటి ప్రచారకుడు కూరగాయలకు వెళ్లినప్పుడు, గుమ్మంలోకొచ్చి “జరం అక్కా” అన్నాడు.

“జర ఏంది, నీళ్లా, చాయా?”

మెట్టు మీద కూలబడ్డాడు. నుదురు తాకితే కాలిపోతోంది. చంకలో నా మూడు నెలల పాప ఉందని గుర్తొచ్చి వెంటనే వెనక్కి జరిగాను.

వారానికోసారి అతని తల్లి ఫోన్ చేసే రోజది. అతని ఫోన్ మోగగానే “అమ్మకు చెప్పకు” అన్నాడు. ఫోన్ తీసుకుని, నాకొచ్చిన ఇంగ్లీషులో, పాప సంగతితో సహా ఉన్నదంతా ఆమెకు చెప్పేశాను.

కోలుకున్నాక, చర్చివాళ్లు వేరే ఊరికి మార్చేదాకా అతను నాతో మాట్లాడలేదు. వాళ్లమ్మ మాత్రం ఇప్పటికీ నాకు ఫోన్ చేసి పాప ఎలా ఉందని అడుగుతుంది.