బర్మా అత్త పుణ్యం పంచిన పున్నమి

దయ్యాలంటే మా ఇంట్లో అందరికీ భయం, నాకొక్కదానికే నవ్వు. చిత్తూరులో బి.ఎస్సీ. చదివినదాన్ని, కరెంటు పోయినా ఒక్కదాన్నే దొడ్లోకి పోయి వచ్చేదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. కానీ ఆ రోజు విన్నదాన్ని ఏ లెక్కలో వేయాలో ఇన్నేళ్ళయినా నాకు తెలియడం లేదు.

డెబ్బైల చివరి మాట ఇది. చిత్తూరులో మేము బాడుగకున్న ఇంటి రెండో వాటాలో ఒక పెద్దామె కూతురితో ఉండేది. పెద్దలది విశాఖ వైపు, పుట్టింది మాత్రం రంగూన్‌లో. మనవాళ్ళు అక్కడ ఉండలేని రోజులొచ్చినప్పుడు కూతుర్ని తీసుకుని ఓడెక్కింది. తర్వాతి ఓడలో వస్తానన్న భర్త రాలేదు. బతికున్నాడో లేదో కబురు లేదు. ఆమె బొట్టు మాత్రం తీయలేదు. వీధంతా ఆమెను బర్మా అత్త అనేది.

మా ఇంట్లోనూ అదే ఎదురుచూపు. మా అన్న మునిరత్నం బంగారుపాళ్యంలో మామిడికాయల లారీకి క్లీనరుగా ఎక్కి కలకత్తా వైపు పోయాడు. లారీ తిరిగొచ్చింది, అన్న రాలేదు. దారిలో ఎక్కడో దిగిపోయాడని డ్రైవరు చెప్పాడు. మూడేళ్ళు దాటినా మా అమ్మ రోజూ రాత్రి వాడికని ఒక సంగటి ముద్ద దాచేది. పొద్దున్నే దాన్ని మజ్జిగలో పిసుక్కుని తనే తాగేది.

వైశాఖ పున్నమి వస్తే బర్మా అత్త తెల్లచీర కట్టేది. బుద్ధుడు పుట్టిందీ, జ్ఞానం పొందిందీ, పోయిందీ కూడా ఆ పున్నమినాడేనట. మధ్యాహ్నం లోపలే తినేసి మళ్ళీ తెల్లారేదాకా ఏమీ ముట్టేది కాదు. కిరసనాయిలు డబ్బాలో ఒక రావి మొక్క పెంచుకుంది, దానికి కడవెడు నీళ్ళు పోసేది. రంగూన్‌లో ఆ రోజు ఊరు ఊరంతా కుండలెత్తుకుని రావిచెట్టు దప్పిక తీర్చడానికి పోతారట. మేమేమో ఎండల్లో కుళాయి దగ్గర బిందెకోసం జుట్లు పట్టుకునేవాళ్ళం. అందుకే మా అమ్మ గొణిగేది. నాకు మాత్రం అన్నీ ప్రశ్నలే, అడిగి అడిగి ఆమె ప్రాణం తోడేసేదాన్ని.

అన్నిట్లోకీ నాకు వింతగా తోచింది చివర్లో పుణ్యం పంచడం. చెంబులో నీళ్ళు పళ్ళెంలోకి బొట్టుబొట్టుగా వదులుతూ, పోయినవాళ్ళను పేరుపెట్టి పిలిచి, నీ వంతు తీసుకో అనాలి. అందుకునేవాళ్ళు మూడుసార్లు "తాదు" అంటారు. మనం సాధు అనే మాటే వాళ్ళ నోట్లో తాదు అయింది. తన తల్లి అలా పలకడం ఒకసారి చెవులారా విన్నానని బర్మా అత్త చెప్పేది. బతికున్నవాళ్ళను పిలిస్తే ఎవరూ పలకరట. ఇది వాళ్ళ శాస్త్రమో, ఆమె సొంత నమ్మకమో నాకు తెలియదు.

అయితే మామను పిలిచి చూడొచ్చు కదా, తేలిపోతుంది అన్నాను ఒకసారి. మొగుడి పేరు ఆడది నోటితో ఎలా పిలుస్తాదమ్మా అని నవ్వేసింది. మరుసటి ఏడు ఆమెకు గుండె జబ్బు చేసింది. పున్నమినాడు తనే నన్ను కేకేసింది.

"తెలీకుండా పోలేనమ్మా. నువ్వు పిలువు."

పేరు ఆమె కూతురు చెప్పగా నాకు తెలుసు. కూతురు పనికి పోయింది, పెరట్లో మేమిద్దరమే. ఇంకా మధ్యాహ్నం కాలేదు. ఆమె నీళ్ళు వదులుతుంటే, అప్పలస్వామి మామా, నీ వంతు తీసుకో అన్నాను. ఆమె పళ్ళెం వైపే చూస్తూ ఊపిరి బిగబట్టింది. చాలాసేపు చూశాం. ఎవరూ పలకలేదు. ఆమె ముఖం విప్పారింది, వేలితో బొట్టు తడిమి చూసుకుంది.

ఆ సంతోషం చూసి నాకూ ఆశ పుట్టింది. మా ఇంటి సంగతి కూడా ఇట్లాగే తేలిపోతే అమ్మకు చెప్పొచ్చు కదా అనుకున్నాను. చెంబులో ఇంకా నీళ్ళున్నాయి.

మునిరత్నం, నీ వంతు తీసుకో అన్నాను.

"తాదు" అని వినబడింది. గోడవతల నుంచి కాదు, నా పక్కనే, మనిషి నేలమీద గొంతుక్కూర్చుని మాట్లాడినంత ఎత్తులో. మళ్ళీ ఒకసారి, ఇంకొకసారి. ఎప్పుడూ జలుబు చేసినట్టుండే మా అన్న గొంతు. బర్మా అత్త తలెత్తి నా పక్కకు చూసింది.

అంతలో మా అమ్మ సంగటి తెడ్డుతోనే వంటింట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"పెద్దోడు వచ్చినాడా? వాడి గొంతే కదా. యాడుండాడు?"

ఆమె వీధిలోకి పోయి వెతికింది, నేనూ వెతికాను. వీధి మొదట్లో బట్టలు కుట్టే ఆయన, ఈ పూట ఈ పక్కకు మగపురుగు రాలేదన్నాడు. మా వాటాల్లో ఎవరికీ రేడియో లేదు. మా అన్నకు తాదు అనే మాటే తెలియదు. వాడు పోయిన తర్వాతే బర్మా అత్త ఆ ఇంటికి వచ్చింది.

పలికితే ఏమర్థమో మీ అమ్మకు చెప్పకమ్మా అని మాత్రం ఆమె నన్ను బతిమాలింది. నేను చెప్పలేదు.

పెద్దోడు బతికే ఉన్నాడు, గడప దాకా వచ్చి మొహం చెల్లక పోయాడు, నా చెవులతో విన్నాను అని మా అమ్మ పోయేదాకా అందరికీ చెప్పుకుంది. సంగటి ముద్ద దాచడం మానలేదు.

ఆ గొంతు ముగ్గురం విన్నాం, అన్నదేనని అమ్మా నేనూ ఎరుగుదుం. దానికి అమ్మ చెప్పుకున్నది నిజమో, బర్మా అత్త అనుకున్నది నిజమో నాకిప్పటికీ తెలియదు. ఇప్పుడు వైశాఖ పున్నమికి నేనే రావి మొక్కకు నీళ్ళు పోస్తున్నాను. అమ్మను పిలుస్తాను, బర్మా అత్తను పిలుస్తాను. అన్న పేరు నోటిదాకా వస్తుంది, చెంబు కింద పెట్టేస్తాను.